పోగు మీద పోగు

ఉల్లిమొగ్గలు ఎండెక్కక ముందే కోయాలి.
ఆలస్యమైతే లోపల పని అయిపోయి ఉంటుంది,
మనకి మిగిలేది పుప్పొడి.
విజయనగరంలో మా కాలేజీ వెనక చిన్న మడి.
అక్కడ కోసినవి, సారాయీ పులుపూ కలిసిన వాసన సీసాలో నానినవి,
గాజు పలక మీద ఎర్రరంగు చుక్కలో చిదిమి
బ్లాటింగ్ కాగితం వేసి బొటనవేలితో అదిమాను.
పందొమ్మిదేళ్లుగా నా జీతం ఈ బొటనవేలిదే.

ఆ రోజు మా అమ్మ వచ్చింది.
నెల్లిమర్లలో గోనెసంచుల మిల్లులో
ముప్పై ఏళ్లు పోగులు తీసిన అసిరమ్మ,
కళ్లద్దాలు నుదుటికి తోసి, ఒక కన్ను మూసి,
"ఏటే ఇది, గోగునారా?" అంది.

నార కాదమ్మా. ఎనిమిది జతలు.
ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది.
ఒకే గదిలో ఉంటాయి, ఎవరి పని వాళ్లది,
పలకరింపుల్లేవు.
కణం కడుపు పండే ముందు, ఆ ఒక్కసారే,
వెతుక్కుంటాయి. పక్కపక్కన పడుకుంటాయి,
కొస నుంచి కొసకి జిప్పు లాగినట్టు.
అప్పుడు కణం ఒక పని చేస్తుంది
(పిల్లలకి చెప్పేటప్పుడు నేనిక్కడ గొంతు తగ్గిస్తాను):
తన పోగుల్ని తనే తెంపుకుంటుంది.
తెగిన కొస జతగాడి పోగులోకి దూరి
తనలో చెరిగిన మాట అక్కడ చదువుకుంటుంది.
కొన్నిచోట్ల అతుకు అడ్డంగా పడుతుంది.
అమ్మ ముక్క నాన్న వైపు, నాన్న ముక్క అమ్మ వైపు.

"మరి ముడెయ్యరేటి?"
ముడి ఉండదమ్మా.
"ఉండకూడదు. ముడేస్తే మగ్గం కాడ పట్టేస్తాది.
తెగిన పోగు నలిపి పేనాల."

నేను ఆమె కడుపులో ఐదో నెల.
మిల్లు గేటు మూసేశారు. తొంభై ఒక్క రోజులు.
తొంభై రెండో రోజు పొద్దున్న మా అయ్య తవిటయ్య
జెండా పట్టుకున్నవాళ్ల ముందు నుంచే
తల వంచుకుని పనిలోకి పోయాడు.
ఇంట్లో గింజ లేదు, నిజమే.
ఆమె పోలేదు. అదీ నిజమే.
నాకు మాటలొచ్చేదాకా ఆ ఇంట్లో మాట లేదు. వచ్చాక
"మీ అయ్యకి సెప్పు, నూనయిపోనాది."
"మీ యమ్మనడుగు, తాళమేదని."

ఆమెకి చెప్పనిది ఒకటుంది.
ఆడపిల్లకి ఈ పని పుట్టక ముందే మొదలవుతుంది.
ఆ గేటు మూసిన వారాల్లోనే,
ఆమె లోపల, నా లోపల, పెసరగింజంత చోట
అసిరమ్మ పోగూ తవిటయ్య పోగూ పక్కపక్కన పడుకుని
తెగి, అతుక్కుని, ముక్కలు మార్చుకుని
అలాగే ఆగిపోయాయి. ముప్పై ఏళ్లు,
నా కూతురి దాకా.
దానిలో ఏ ముక్క ఎవరిదో ఏ మైక్రోస్కోపూ చెప్పదు.
అలక మాత్రం ఇద్దరిదీ.

చెప్పింది ఇది:
అడ్డంగా అతకని జత తిన్నగా విడిపోలేదమ్మా.
రెండు వైపుల నుంచీ లాగేటప్పుడు నడుమ పట్టుండాలి.
లేకపోతే రెండూ ఒకవైపే కొట్టుకుపోతాయి,
ఆ గింజ తాలు.

ఆమె చాలాసేపు చూసింది.
చెయ్యి తగిలి స్లైడు జరిగింది.
"పోనాదే!"
మళ్లీ వెతికి పెట్టాను. అంత మంచి కణం కాదు,
ఒక్క జతలోనే అడ్డం కనిపిస్తోంది.
"అదిగో. పోగు మీద పోగు."
వేలితో చూపించబోయి, ఎక్కడ పెట్టాలో తెలియక ఆగింది.

గేటు దగ్గర మా అయ్య, స్కూటర్ మీద.
మాట లేకుండా ఎక్కింది ఆమె, మాట లేకుండా దిగింది.

"మీ అయ్యకి సెప్పు," అంది, కన్ను తియ్యకుండా.
ఏటని?
షిఫ్టు కూత కోసం ఆగినట్టు ఆగింది.
"ఒచ్చి సూడమను."

గాజు అంచున రంగు ఆరిపోతోంది.
మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నాను.